పరుల దుఃఖానికి అడుగు కలపవచ్చునా?

కళ ప్రజలది అంటాం. ఈ మాటను మనం ఎంత తరచుగా అంటామంటే, ఇందులో ఒక చిక్కుప్రశ్న దాగి ఉన్నదన్న సంగతే మరచిపోతాం. ఏ ప్రజలది? పుట్టించిన ప్రజలదా, చూసి ఆనందించే ప్రజలదా, నేర్చుకోదలచిన ప్రజలందరిదీనా? పుట్టించినవారు ఒక అణగారిన జాతివారై, నేర్చుకోదలచినవారు వారికంటే సుఖంగా బతికేవారైనప్పుడు, ఇది సౌందర్యశాస్త్రానికి మాత్రమే సంబంధించిన ప్రశ్నగా మిగలదు. నీతికి సంబంధించిన ప్రశ్న అవుతుంది. ఫ్లమెంకో నృత్యం నేర్పే పేట పాఠశాలలను ఉదాహరణగా తీసుకుని ఈ ప్రశ్నను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఫ్లమెంకో దక్షిణ స్పెయిన్‌లోని అందలూసియా ప్రాంతపు కళ. గానం, నృత్యం, గిటారు, చప్పట్లు కలిస్తే ఫ్లమెంకో. నేడది తన ఎల్లలు దాటి చాలా దూరం పోయింది. సెవిల్, హెరెస్, మాడ్రిడ్ నగరాలలోనే కాదు, లండన్‌లోనూ టోక్యోలోనూ కూడా దీనికి సాయంకాలపు తరగతులు నడుస్తున్నాయి. పగలంతా ఆఫీసులో లెక్కలు రాసిన గుమాస్తా, రాత్రి డ్యూటీకి పోవలసిన నర్సు, పింఛను పుచ్చుకుంటున్న బడిపంతులమ్మ అద్దం ముందు వరుసగా నిలబడతారు. మడమకూ మునివేళ్ళ కిందా మేకులు దిగ్గొట్టిన బూట్లు తొడుక్కుని నేలను తన్నడం నేర్చుకుంటారు. వీరిలో చాలామంది ఏనాడూ వేదిక ఎక్కరు, ఎక్కాలనీ అనుకోరు. వారానికి రెండు గంటలు తమ బతుకులో లేనిదేదో కావాలని వస్తారు. కాని వాళ్ళు అడుగు కలిపే పాటలు ఎటువంటివి? కొలిమి పాటలు, గని పాటలు, చెరసాల పాటలు. చెరసాల గడప తొక్కని మనిషి చెరసాల పాటకు ఆడవచ్చునా? ఆడితే అది సానుభూతా, వేషమా, దొంగతనమా?

ముందుగా ఈ కళను పుట్టించినవారెవరో చూడాలి. అందలూసియా చరిత్ర పెద్ద భూస్వాముల చరిత్ర. భూములన్నీ కొద్ది కుటుంబాల చేతుల్లో ఉండి, రోజుకూలీలు తెల్లవారగానే ఊరి కూడలిలో నిలబడి, పనికి పిలిచేవాడి కోసం ఎదురుచూసిన ప్రాంతమది. 1892 జనవరిలో హెరెస్ పట్టణం మీదికి తిరగబడి వచ్చిన వ్యవసాయకూలీలు ఆ నేల బిడ్డలే. ఆ కూలీలకంటే కూడా ఒక మెట్టు కింద జిప్సీలు ఉండేవారు. స్పెయిన్‌లో వారిని హితానోలు అంటారు. వారు ఆ దేశంలో అడుగుపెట్టినట్లు దొరికే మొదటి దాఖలా 1425 నాటిది. ఇంకా శతాబ్దం నిండకుండానే, 1499లో, రాజశాసనం వచ్చింది: ఒక స్థిరమైన వృత్తినో యజమానినో చూసుకోవడానికి 60 రోజుల గడువు, లేకపోతే దేశబహిష్కారం. ధిక్కరించినవారికి కొరడాదెబ్బలు, ఆ తరువాత చెవులు కోయడం, ఆఖరుకు బానిసత్వం. 1749 జూలై 30 రాత్రి, ఎన్సెనాదా ప్రభువు పథకం ప్రకారం, దేశమంతటా హితానోలను ఒక్కమారుగా పట్టి బంధించారు. చిక్కినవారు 9,000 నుండి 12,000 దాకా ఉంటారని చరిత్రకారుల అంచనా. మగవారిని ఓడలు కట్టే రేవుల్లో వెట్టిచాకిరికి తోలారు. ఆడవారిని, పసిపిల్లలను వేరుచేసి నిర్బంధ గృహాలలో పెట్టారు. చివరివారు బయటపడేసరికి 1765 వచ్చింది. ఇందులో ఒక క్రూరమైన విశేషం ఉన్నది. సంచారులు చాలామంది తప్పించుకున్నారు. రాజు చెప్పినట్లే ఊళ్ళో ఇల్లు కట్టుకుని, కొలిమి పెట్టుకుని, స్థిరపడినవారే తేలికగా దొరికిపోయారు.

మార్తినేతె అనే పాటకు గిటారు ఉండదు. దాన్ని వేదిక మీద పాడేటప్పుడు దాగలి మీద సుత్తిదెబ్బే తాళం. ఇది ఎవరి కొలిమిలోంచి వచ్చిందో, ఆ కొలిమి వారికి ఏ రక్షణా ఇవ్వలేదన్న సంగతి కూడా దానితో కలిపి చెప్పుకోవాలి.

అయితే ఫ్లమెంకోను హితానోలు ఒంటరిగా సృష్టించలేదు. అందలూసియా పల్లెపాటలు, ఫాందాంగో నృత్యాలు, సెవిల్, కాదిస్ రేవుల గుండా అమెరికా ఖండం నుండి తిరిగివచ్చిన లయలు, ఆ నగరాలలో బతికిన నల్లజాతి బానిసల ఆటలు, అన్నీ అందులో కలిశాయి. మనం నేడు ఫ్లమెంకో అంటున్న రూపం 19వ శతాబ్దంలో ఏర్పడింది. అది మొదటి నుండీ డబ్బుతో ముడిపడే ఏర్పడింది. ఆ శతాబ్ది మధ్యలోనే సెవిల్ నృత్యశాలలు విదేశ యాత్రికుల దగ్గర డబ్బు పుచ్చుకుని ఆటలు చూపించేవి. ఆ తరువాత పాటల కాఫీ హోటళ్ళు వచ్చాయి. వాటిని నడిపినవారిలో ప్రసిద్ధుడైన సిల్వేరియో ఫ్రాంకోనెత్తి హితానో కాడు, తండ్రి ఇటలీవాడు. అతడు ఈ పాటను హితానో గాయకుడు ఎల్ ఫియో దగ్గర గ్రహించాడని చెబుతారు. అంటే, పరాయివాడు వచ్చి నేర్చుకోవడమన్నది నిన్న మొన్న టోక్యో నగరంలో మొదలైన సంగతి కాదు. ఫ్లమెంకోకు ఆ పేరు స్థిరపడిన నాటికే అది ఉన్నది.

ఇప్పుడు మన ప్రశ్నకు వద్దాం. దీనికి సామాన్యంగా వినవచ్చే సమాధానాలు రెండు.

మొదటిది: ఇది రక్తంలో ఉండాలి, నేర్చుకుంటే వచ్చేది కాదు. 1881లో ఫ్లమెంకో పాటల మొదటి పెద్ద సంకలనాన్ని ప్రచురించిన దెమోఫిలో, కాఫీ హోటళ్ళు హితానో గానాన్ని పాడుచేస్తున్నాయని అప్పుడే వాపోయాడు. 1922లో గ్రనడా నగరంలో, అల్‌హంబ్రా కోటలో, సంగీతకర్త మాన్యుయెల్ దె ఫాయా, యువకవి లోర్కా మొదలైనవారు గంభీరగానానికి ఒక పోటీ పెట్టారు. కళ చచ్చిపోతున్నది, దాని శుద్ధత కాపాడాలి అన్నది వారి ఆవేదన. అందుకు వారు చేసిన మొదటి పని ఏమిటంటే, వృత్తిగాయకులకు ప్రవేశం లేదనడం. 1963లో గాయకుడు ఆంతోనియో మైరేనా, కవి రికార్దో మొలీనాతో కలిసి రాసిన గ్రంథంలో ఈ వాదానికి ఒక సిద్ధాంతరూపం ఇచ్చాడు: అసలు గానం హితానో కుటుంబాలలో, వారి లోగిళ్ళలో, లోకానికి తెలియకుండా పెరిగింది, మిగతావారిది నీడ మాత్రమే.

మైరేనా మీద తేలికగా తీర్పు చెప్పకూడదు. అతడు హితానో. కొలిమి దగ్గర పెరిగినవాడు. తన జాతిని దొంగలని, సోమరులని ఈసడించిన దేశంలో నిలబడి, మీరు గర్వపడే కళ మాది అన్నాడు. తలవంచుకోవడానికి అలవాటుపడ్డ జాతి తల ఎత్తడం అది. ఆ మాటలోని న్యాయాన్ని గుర్తించకుండా దానిలోని పొరపాటును ఎత్తిచూపే హక్కు మనకు లేదు.

కాని పొరపాటు ఉన్నది. కళ రక్తంలో ఉంటుందనే వాదం హితానోకు కిరీటం పెట్టినట్లే పెట్టి, అతని శ్రమను మాయం చేస్తుంది. పుట్టుకతోనే ఆడగలిగినవాడికి సాధన ఎందుకు? సాధన లేనివాడికి కూలి ఎందుకు? బార్సెలోనా సముద్రపుటొడ్డున సోమోరోస్త్రో గుడిసెలలో పుట్టిన కార్మెన్ అమాయా, గిటారు వాయించే తండ్రి వెంట పసితనం నుండీ సారాదుకాణాలలో చిల్లరడబ్బుల కోసం ఆడింది. ఆమె ఏ బడికీ పోలేదు కాబట్టి ఆమె పాదాలలో ఏదో దైవశక్తి ఉన్నదని రాసినవారు కొల్లలు. ఆమె పోయిన బడి సారాదుకాణం. పాఠం తప్పితే ఆ రాత్రి తిండి లేదు. అంత కఠినమైన గురుకులాన్ని ‘సహజ ప్రతిభ’ అనడం, బాలకార్మికురాలి చాకిరికి పూలదండ వేయడమే.

శుద్ధతావాదుల సంగతి కూడా అంతే. వారికి దుర్భరంగా తోచింది కళాకారుడి దారిద్ర్యం కాదు, కళాకారుడు డబ్బు పుచ్చుకోవడం. వృత్తిగాయకుడు మలినపడ్డాడు, కూలి తీసుకోకుండా పొలంలో పాడేవాడు స్వచ్ఛుడు. ఈ భావన ఎవరికి వస్తుంది? పాటతో పొట్టపోసుకోవలసిన అవసరం లేనివారికే వస్తుంది. లోర్కా ఎంత ప్రేమతో హితానోలను గురించి రాసినా, తనను జిప్సీ కవిగా ముద్రవేయడం అతనికే కంటగింపుగా ఉండేది. 1936 ఆగస్టులో అతన్ని ఫాసిస్టులు కాల్చిచంపారు. అతని పేరు చెప్పుకుని రక్తరహస్యాలు బోధించేవారు ఈ రెండు విషయాలూ గుర్తుంచుకోవడం మంచిది.

ఈ రక్తవాదానికి మన దేశంలో కూడా ఒక శాఖ ఉన్నది. జిప్సీల భాష మూలాలు భారతదేశంలో ఉన్నాయని భాషాశాస్త్రజ్ఞులు 18వ శతాబ్ది చివరి నుండీ చెబుతున్నారు. అది నిజమే. స్పెయిన్ హితానోల మాటల్లో నీటికి ‘పాన్యీ’ అనే పేరుండటం విని మనవాడెవడికైనా ఒళ్ళు పులకరిస్తే తప్పు లేదు. కాని అక్కడితో ఆగం. ఫ్లమెంకో మన కథక్ నృత్యానికి చెల్లెలు, కాబట్టి అది మనదే అంటాం. జిప్సీల పూర్వులు ఈ దేశం విడిచి సుమారు వెయ్యేళ్ళయింది. ఫ్లమెంకో రూపుకట్టి రెండు వందల ఏళ్ళు. రెండింటిలోనూ పాదం నేలను కొడుతుందన్న పోలిక ఉన్నది గాని, ఒకదాని నుండి మరొకదానికి దారి చూపే సాక్ష్యం లేదు. కొరడాదెబ్బలు తినేనాడు వారికి మనమెవరమో, మనకు వారెవరో తెలియదు. చప్పట్లు మోగేనాడు మాత్రం చుట్టరికం కలుపుకుంటున్నాం.

ఇక రెండవ సమాధానం: కళ విశ్వజనీనం, దానికి ఎల్లలు లేవు, ఎవరికి ఇష్టమైతే వారు నేర్చుకోవచ్చు. ఈ మాట అభ్యుదయవాదుల చెవికి ఇంపుగానే ఉంటుంది. అందుకే దీన్ని మరింత జాగ్రత్తగా పరీక్షించాలి.

1783లో మూడవ కార్లోస్ రాజు మరొక శాసనం చేశాడు. హితానోలు పుట్టుకతో వేరే జాతి కాదు, వారు ఇతర ప్రజలతో సమానులు, ఏ వృత్తి అయినా చేసుకోవచ్చు అన్నాడు. ఎంత ఉదారం! అదే శాసనం వారి భాష మాట్లాడకూడదన్నది, వారి దుస్తులు వేసుకోకూడదన్నది, సంచారం చేయకూడదన్నది, ఆఖరుకు వారికి ఆ పేరే ఉండరాదన్నది. నువ్వు అందరిలాంటివాడివే అనే మాట, నువ్వు నీవుగా లేవు అనే అర్థంలో కూడా వాడవచ్చు. ఎల్లలు లేని కళ అనే మాటను కూడా అలాగే వాడవచ్చు. ఎల్లలు లేవనగానే, దాన్ని కట్టినవారి ఊరూ పేరూ చిరునామా కూడా లేకుండా పోతాయి.

ఫ్రాంకో నియంతృత్వం ఈ రెండు సమాధానాలనూ ఒకేసారి వాడుకున్నది. 1943లో దాని పోలీసుదళాల నిబంధనావళి హితానోలను ప్రత్యేకంగా కనిపెట్టి ఉండాలని ఆదేశించింది. అదే ప్రభుత్వం 1960ల దశకంలో చుక్కల పావడా కట్టిన నర్తకి బొమ్మను గోడల మీద అంటించి, యాత్రికులను పిలిచి, విదేశీ మారకం సంపాదించింది. సెవిల్ నగరంలో నది అవతలి ఒడ్డున త్రియానా అనే పేట ఉన్నది. ఫ్లమెంకో చరిత్రలో ఆ పేరు రాని పుట ఉండదు. 1950ల, 60ల దశకాలలో అక్కడి ఉమ్మడి లోగిళ్ళలో బతికిన హితానో కుటుంబాలను ఖాళీ చేయించి ఊరి చివరలకు తోలారు. వారిలో ఎందరో చేరిన దక్షిణపు కాలనీలు స్పెయిన్‌లోని అతి పేద పేటల జాబితాలలో పైవరుసన కనిపిస్తూ వస్తున్నాయి. త్రియానాలో ఇప్పుడు ఫ్లమెంకో జ్ఞాపికలు అమ్ముతారు. 2010లో యునెస్కో ఫ్లమెంకోను మానవజాతి అంతటి సాంస్కృతిక వారసత్వంగా గుర్తించింది. సంతోషమే. వారసత్వం మానవజాతికి వచ్చింది. ఊరి చివరి కాలనీ మాత్రం హితానోలకే మిగిలింది.

కనుక ఈ రెండు సమాధానాలూ పైకి పరస్పర విరుద్ధాలుగా కనిపించినా లోపల బంధువులే. ఒకటి కళను ప్రకృతి అంటుంది. ఇంకొకటి సరుకు అంటుంది. కళ మనుషులు చేసిన పని అని రెండూ చెప్పవు. పని అని ఒప్పుకుంటే, పని చేసినవారెవరు, వారికి ముట్టినదెంత అనే ప్రశ్నలు వచ్చిపడతాయి. అవి రాకుండా ఉండటమే రెండింటి ప్రయోజనం.

కళ పని అయితే, దాన్ని నేర్చుకోవడం కూడా పనే. అందుచేత పాఠశాలలో నిజంగా జరిగేదేమిటో చూడాలి. కొత్తగా చేరినవారు తొందరగా కాళ్ళు ఆడించాలనుకుంటారు. మంచి గురువు ముందు చేతులు ఆడించమంటుంది. చప్పట్లు కొట్టడమే మొదటి పాఠం. ఫ్లమెంకోలో తాళాన్ని కొంపాస్ అంటారు. సొలెయా అనే పాటకు ఆవర్తం 12 దరువులది. ఊనిక 3, 6, 8, 10, 12 దరువుల మీద పడుతుంది. అంటే మూడు, మూడు, రెండు, రెండు, రెండు. సమంగా నడిచే పాటలకు అలవాటుపడ్డ చెవికి ఇది మొదట కుంటినడకలా తోస్తుంది. ఒకరు ఊనికల మీద కొడుతుంటే మరొకరు వాటి సందుల్లో కొట్టాలి. ఒంటరిగా అది సాధ్యం కాదు. పక్కవాడి చెయ్యి వినకుండా మన చెయ్యి కలపలేం. నెలల తరబడి ఈ పని చేసిన తరువాత, లెక్కపెట్టడం ఆగిపోయి లయ ఒంటికి ఎక్కుతుంది. రక్తం నుండి వచ్చిందని బయటివారు అనుకునేది ఇదే. ఇది సాధన నుండి వచ్చింది. పదిమంది కలిసి చేసిన సాధన నుండి.

ఆ తరువాత అడుగులు. మడమ, మునివేళ్ళు, అరికాలు, మూడింటికీ వేరువేరు శబ్దాలు. ఇక్కడ కూడా ఒక నియమం ఉన్నది. నేర్చుకునేవారికి అన్నిటికంటే కష్టంగా తోచేది అదే. గాయకుడు చరణం పాడుతున్నప్పుడు నర్తకి నేలను గట్టిగా కొట్టకూడదు. చేతులతో, నడుముతో, మెత్తని అడుగుతో పాటను అనుసరించాలి. చరణం ముగిసి, గొంతు ఊపిరి తీసుకున్నప్పుడు పాదానికి అవకాశం వస్తుంది. మళ్ళీ పాట కావాలనుకుంటే ఒక గట్టి అడుగుల వరుసతో గాయకుణ్ణి పిలవాలి. అతడు జవాబిస్తాడు. నర్తకి ఎంత ప్రజ్ఞావంతురాలైనా సరే, పాట వినకుండా ఆడితే అది ఫ్లమెంకో కాదు, వ్యాయామం.

పరుల దుఃఖానికి అడుగు కలపవచ్చునా అన్న ప్రశ్నకు సమాధానం ఈ నియమంలోనే ఉన్నదనుకుంటాను. 1749లో భర్తను రేవుకు తోలగా నిర్బంధ గృహంలో పడి ఉన్న స్త్రీ బాధ, మాడ్రిడ్ గుమాస్తాకు గాని టోక్యో విద్యార్థినికి గాని ఎన్నటికీ రాదు. వచ్చిందనుకుంటే అది అబద్ధం. కొత్తవారు కనుబొమలు ముడిచి, పళ్ళు బిగించి, గుండెలు బాదుకున్నట్లు ఆడుతూ ఉంటారు. అది చూడటానికి ఇబ్బందిగా ఉండటానికి కారణం ప్రతిభ చాలకపోవడం కాదు. తమది కానిదాన్ని తమదిగా చూపడం. కాని ఆ బాధపడినవారు దాన్ని బాధగానే వదిలిపెట్టలేదు. 12 దరువులలో పెట్టారు. చప్పట్లు కొట్టేవారు కావాలన్నారు, పక్కనుండి సెబాసు అనేవారు కావాలన్నారు. ఏడుపుకు తోడు అక్కరలేదు. తాళానికి తోడు కావాలి. దుఃఖాన్ని తాళంలో పెట్టినవాడు అప్పుడే ఇంకొకణ్ణి లోపలికి పిలిచాడు. కాబట్టి మనం వారి దుఃఖాన్ని నేర్చుకోం, నేర్చుకోలేం. ఆ దుఃఖంతో వారు ఏం చేశారో అది నేర్చుకోగలం. వారి పాట నడుస్తుండగా మన పాదాన్ని అదుపులో పెట్టుకోవడం నేర్చుకోగలం.

ఇంతటితో సమస్య తీరిపోతే బాగానే ఉండేది. కాని పిలిచినవారి ఇంటికి పోయి తిని, వారి ఇంటిని మనమే ఆక్రమించుకునే అవకాశం కూడా ఉన్నది. నేర్చుకునే హక్కు వెంట ఒక ఋణం వస్తుంది.

ఇది మనం ఎరగని సంగతి కాదు. తెలుగుదేశంలో శతాబ్దాలపాటు ఆలయ నృత్యాన్నీ పదాల అభినయాన్నీ కాపాడినవారు కలవంతులు. దేవదాసీ వ్యవస్థలోని దోపిడీ నిజం; దాన్ని రద్దుచేస్తూ 1947లో మద్రాసు ప్రభుత్వం చేసిన చట్టం అవసరం. కాని ఏం జరిగింది? ఆ స్త్రీలకు గౌరవం కావాలంటే నాట్యం వదలాలి అన్నారు. అదే కాలంలో పై కులాల ఆడపిల్లలకు నాట్యం గౌరవమైంది. నేర్పిన చేతులు మరుగునపడ్డాయి, నేర్చుకున్న పాదాలకు గజ్జెపూజలు జరిగాయి. పై కులాల పిల్లలు నేర్చుకోవడం తప్పని ఎవరూ అనలేరు. వారు రావడమూ వీరు పోవడమూ ఒకేసారి జరిగిందన్నదే తప్పు. ఎవరు ఎవరి చోటులో నిలబడ్డారో అడగకపోవడం తప్పు. హైదరాబాదులో, విజయవాడలో నాట్యపాఠశాల నడిపేవారికి ఈ ప్రశ్న సెవిల్‌లో పాఠశాల నడిపేవారికి ఎంత దగ్గరో అంత దగ్గర.

ఋణం ఎలా తీరుతుంది? భక్తితో తీరదు. గోడకు కార్మెన్ అమాయా పటం తగిలించి దండం పెడితే తీరదు. ఇది రూపాయలూ అణాలతో మొదలయ్యే విషయం. చాలా పాఠశాలలు ఖర్చు తగ్గించుకోవడానికి రికార్డు పెట్టి నేర్పుతాయి. రికార్డు నర్తకి పిలుపుకు జవాబివ్వదు; ఆమె తప్పటడుగు వేస్తే ఆగదు; అందుచేత ఆమె వినడం నేర్చుకోదు. నెలకు ఒక్క తరగతికైనా గాయకుణ్ణి, గిటారు వాద్యకారుణ్ణి పిలిచి కూలి ఇచ్చే పాఠశాల, కళకూ కళాకారుడికీ ఒకే దెబ్బతో మేలు చేస్తుంది. ఈ కూలి ఎంత అవసరమో 2020లో తెలిసివచ్చింది. మహమ్మారితో వేదికలు మూతపడగానే, రాతపూర్వకమైన ఒప్పందాలు గాని సామాజిక బీమా గాని లేకుండా జీవితమంతా పాడినవారు, ఆడినవారు వీధిన పడ్డారు. మాడ్రిడ్‌లో పేరుమోసిన కాసా పాతాస్ ఆ ఏడే శాశ్వతంగా మూతపడింది. కళాకారులు ఒక సంఘంగా ఏర్పడవలసిన అవసరాన్ని అందరూ గుర్తించినది అప్పుడే. మానవజాతి వారసత్వం అనిపించుకున్న కళకు ఇంటి అద్దె కట్టుకునే దారి లేకపోయింది.

రెండవది చోటు. అందలూసియా పట్టణాలలో చందాలతో నడిచే ఫ్లమెంకో సంఘాలున్నాయి. వాటిని పేన్యాలు అంటారు. గ్రనడాలోని లా ప్లాతెరియా 1949 నుండి నడుస్తున్నది. ఇటువంటి చోట్ల నేర్చుకునేవాడూ నేర్పేవాడూ ఒకే బల్ల దగ్గర కూర్చుంటారు. కాని ఆ బల్ల దగ్గరికి ఎవరు రాగలుగుతున్నారు అన్నది చూడాలి. పాఠశాల ఉన్న నగరంలోనే ఊరి చివరి కాలనీ ఉండి, ఆ కాలనీ పిల్లలు రుసుము కట్టలేక బయట నిలబడితే, లోపల ఎంత చక్కగా 12 దరువులు లెక్కపెట్టినా లెక్క తప్పినట్లే.

మూడవది జ్ఞానం. ఏ పాటకు ఆడుతున్నారో అది ఎక్కడ పుట్టిందో, ఎవరు ఎందుకు పాడారో చెప్పకుండా అడుగులు మాత్రం నేర్పే పాఠశాల, చరిత్రను చెరిపివేయడంలో 1783 శాసనానికి సహాయకారి.

ఇవన్నీ కోరడం ఆదర్శవాదమని కొందరనవచ్చు. కాని చేసి చూపినవారు ఉన్నారు. ఆంతోనియో గాదెస్ హితానో కాడు. రిపబ్లిక్ పక్షాన పోరాడిన తండ్రికి కొడుకు. బడి మాని చిన్ననాటనే పనిలో చేరినవాడు. నాట్యం అతనికి మొదట బతుకుతెరువు, తరువాత రాజకీయ విశ్వాసం. కమ్యూనిస్టుగా బతికి, 2004లో చనిపోయిన తరువాత క్యూబా గడ్డలో కలిశాడు. ఎన్రికె మొరెంతె కూడా హితానో కాడు. ఫ్రాంకో బతికి ఉండగానే, 1971లో, ఆ ప్రభుత్వపు చెరసాలలో ప్రాణం విడిచిన కవి మిగెల్ ఎర్నాందెస్ గీతాలను ఫ్లమెంకోలో పాడి రికార్డు చేశాడు. చెరసాల పాటను అరువు తెచ్చుకున్నవాడు ఆ అప్పును మరొక ఖైదీ గొంతుగా తిరిగి చెల్లించడమంటే ఇది. 2008 ఆర్థిక సంక్షోభం తరువాత సెవిల్‌లో ఫ్లో 6×8 అనే బృందం బ్యాంకు శాఖలలోకి మామూలు ఖాతాదారుల్లా ప్రవేశించి, హఠాత్తుగా చప్పట్లు అందుకుని ఆడి, జనం ఇళ్ళు కోల్పోతుంటే బ్యాంకులకు కోట్లు పోయడాన్ని ఎండగట్టింది. 2014లో అందలూసియా శాసనసభలోనే పాట ఎత్తింది.

ఇక హితానోలు తమంతట తాము ఏం చేశారు? 1976లో నర్తకుడు మారియో మాయా, కవి హోసె ఎరెదియా మాయా కలిసి ఒక నృత్యనాటకం ప్రదర్శించారు. దాని పేరు హితానోల మాటల్లోనే ఉన్నది. ‘మాట్లాడాలని ఉంది మాకు’ అని దాని అర్థం. 1499 నుండి తమ జాతి మీద వచ్చిన శాసనాలను వేదిక మీద వినిపించి, వాటికి పాటతో, పాదంతో జవాబు చెప్పారు. రక్తం గురించి కాదు, చట్టం గురించి ఆడారు.

పరుల దుఃఖానికి అడుగు కలపవచ్చు. కాని కలిపిన తరువాత ఆ పరులు పరులుగా మిగలకూడదు. సాయంకాలం 12 దరువులు లెక్కపెట్టి, మర్నాడు పేపరులో హితానో కుటుంబాల ఇళ్ళు కూల్చారన్న వార్త చదివి పుట తిప్పేసేవాడు నేర్చుకున్నది ఫ్లమెంకో కాదు. ఈ మాట స్పెయిన్ విద్యార్థికే కాదు, మనకూ వర్తిస్తుంది. దప్పు కొట్టడం నేర్చుకుంటున్న కాలేజీ కుర్రవాడు, డోలు పట్టుకున్న ఉపాధ్యాయుడు, లంబాడీ పాటకు వార్షికోత్సవంలో పిల్లలచేత ఆడిస్తున్న పంతులమ్మ తమను తాము అడిగి చూసుకోవలసిన ప్రశ్నలు మూడే: ఇది నాకు నేర్పినవారికి నేనేమి ఇచ్చాను? నేను నిలబడ్డ చోట నిన్న ఎవరున్నారు? వారి పాట నడుస్తున్నప్పుడు నా పాదం నిశ్శబ్దంగా ఉన్నదా?